రైలుకట్ట కింద

చెయ్యి తీస్తే జారిపోతుంది కాబట్టి తీయను, ఎంత కోపం వచ్చినా తీయను, ముందు ఈ నిలువుచెక్క సంగతి తేలనీ, తర్వాత మా ఆయన సంగతి తేలుస్తాను. బల్ల కింద గోడవైపు మూలకి ఒదిగి, మోకాళ్ళు ముడుచుకుని, వాటి మీద మోచేతులు ఆనించి, రెండు అరచేతులతో చెక్కని పైకి నెట్టి పట్టుకుని కూర్చున్నాను. చెక్క పక్కన దూలం, దూలానికీ చెక్కకీ మధ్య నేను రాసిన జిగురు, చెక్క నెత్తి మీద మా రైలుకట్ట, అంటే బొమ్మ రైలు పట్టాలు పరచడానికి ప్లైవుడ్‌తో లేపిన వాలుదారి. ఆ వాలు కిందికి దిగిపోవాలని చూస్తోంది, జిగురు ఇంకా తడిగానే ఉంది, వదిలితే వేలెడు కుంగిపోతుంది, ఇంక ఏ ఇంజనూ దాన్ని జన్మలో ఎక్కదు. మిగతా అన్నిచోట్లా క్లాంపులు బిగించాం, ఈ ఒక్క మూలలో క్లాంపు నోరు దూరదు, డ్రిల్లూ దూరదు, కర్ర ఆనించి చూస్తే నున్నటి నేల మీద జారి నా బొటనవేలి మీద పడింది. కాబట్టి చేతులే గతి. గంటసేపు కదపకూడదని జిగురు డబ్బా మీద రాసి ఉంది, సగం నేను, సగం ఆయన అనుకున్నాం. నా సగం ఎప్పుడో అయిపోయింది. ఆయన సగం ఇప్పుడు ఈ బల్లకి అవతలివైపు నిలబడి బొమ్మ రైళ్ళ క్లబ్బు వాళ్ళకి నేను కోసిన మలుపు చూపిస్తోంది.

నేను వాళ్ళకి కనపడను. బల్ల కాళ్ళూ తీగలూ కనపడకుండా చుట్టూ నీలం తెర వేలాడదీశాం, అదీ నేనే కుట్టాను, దగ్గర దగ్గరగా కుచ్చులు పెట్టి, అంచుకి తెల్ల పట్టీ వేసి, వేసినరోజున ఇద్దరం గుమ్మంలో నిలబడి ఎంతసేపు మురిసిపోయామో. ఆ ముచ్చటైన తెరే ఇప్పుడు నన్ను చక్కగా కప్పేసింది. సాయంత్రం వస్తామన్నవాళ్ళు మధ్యాహ్నమే వచ్చేశారు. గంట మోగగానే మా ఆయన తెరలోకి తల పెట్టి, "కదలకు టైలరమ్మా, వాళ్ళని ముందుగదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వచ్చి నేను పడతాను" అని, నుదుటి మీద ఒక ముద్దు కూడా పెట్టి వెళ్ళాడు. అప్పటికి మంచివాడే. వాళ్ళు ముందుగదిలో కూర్చునే రకం కాదు, తిన్నగా ఇక్కడికే వచ్చారు, తెర కిందనుంచి ఆరు పాదాలు నాకు కనపడుతున్నాయి. రెండు మా ఆయనవి. రెండు బూడిదరంగు మేజోళ్ళవి, అవి క్లబ్బు పెద్దాయనవి, ఆయన్ని అందరూ గార్డుగారంటారు, చేసింది బీమా ఆఫీసు ఉద్యోగమైనా జేబులో ఈల పెట్టుకుని తిరుగుతారు కాబట్టి. రెండు వేళ్ళకి ఎర్రరంగు వేసుకున్న ఆడ పాదాలు, ఆవిడ పళ్ళ డాక్టరు, బొమ్మ స్టేషన్లకి కిటికీ చువ్వలు పళ్ళు గీకే పనిముట్లతో చెక్కుతుందని మా ఆయన గొప్పగా చెబుతుంటాడు. ఇతరుల పనితనం గురించి గొప్పగా చెప్పడం ఆయనకి బాగానే వచ్చన్నమాట, ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చేసరికే నోరు పెగలదు.

ఎందుకంటే ఇందాక గార్డుగారు, "ఏం అబ్బాయ్, ఇదంతా ఒక్కడివే చేశావా" అని అడిగారు, అడిగినప్పుడు నేను పైన చెక్క బరువు కూడా మర్చిపోయి చెవులు రిక్కించాను, ఎందుకంటే ఇదిగో, ఇప్పుడు చెబుతాడు, మా ఆవిడ చేసిందండీ అంటాడు, ఎక్కడా అంటారు వాళ్ళు, ఇదిగో అని తెర ఎత్తుతాడు, నేను చేతులు తీయకుండానే తల వంచి నమస్కారం అంటాను, అందరం నవ్వుకుంటాం, ఆ నవ్వు కూడా నాకు ముందే వినపడిపోయింది. మా ఆయన అన్నాడూ, "ఆఁ, ఏదో అలా... ఇంట్లో కూడా కొంచెం సాయం చేస్తుందండీ."

"ఎవరు, అమ్మాయా? ఏం చేస్తుంది పాపం, టీలు అందిస్తుందా?"

"అంటే... తెరలు అవీ కుడుతుంది."

తెరలు అవీ. ఆ 'అవీ'లో ఏమేం పడ్డాయో చూస్తారా. ప్లైవుడ్ మీద మలుపు గీయడం అందులో పడింది. మేకు కొట్టి దారం కట్టి, దారం చివర పెన్సిలు పెట్టి, చాప మీద మోకాళ్ళు అరిగేలా పాకుతూ గీసిన గీత. గీసిన గీత వెంబడి కోతమిషను నడపడం అందులో పడింది, ఆయన కళ్ళద్దాలు నేను పెట్టుకుని, నా దుపట్టా ముక్కుకి చుట్టుకుని. వాలు ఎత్తడం పడింది. పట్టాల కింద వేసే కార్కు పట్టీలు అంటించడం పడింది. ఇంతెందుకు, ప్రస్తుతం ఆయన రైలుకట్టని నెత్తిన మోస్తున్న రెండు చేతులూ ఆ 'అవీ'లోనే ఉన్నాయి. "ఏదీ అమ్మాయి, కనపడదే" అని డాక్టరమ్మ అడిగితే "ఇక్కడే ఎక్కడో ఉంటుందండీ" అన్నాడు. ఇక్కడే ఎక్కడోనట. అన్నప్పుడు ఆయన ఎడమకాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కింది, తెర కిందనుంచి స్పష్టంగా చూశాను. పెళ్ళైన కొత్తల్లో, అంటే ఇప్పుడూ కొత్తే, మొన్నమొన్ననే, నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేసినరోజున "బ్రహ్మాండంగా ఉంది" అంటూ బల్ల కింద ఆ వేలు అలాగే ఎక్కించాడు. అది చూసి నాకు అంత ముద్దొచ్చింది, ఇంత పెద్దమనిషి అబద్ధమాడితే కాలివేలు పట్టిచ్చేస్తుందే అని. ఇవాళ ఆ వేలిని చూస్తే తొక్కాలనిపిస్తోంది. అందేంత దూరంలోనే ఉంది. కాలు చాపితే పట్టు తప్పుతుంది కాబట్టి బతికిపోయింది.

ఈ ఇంట్లోకి వచ్చిన రోజున ఈ గది తలుపు తీసి ఎలా నసిగాడో. "ఇది చుట్టాలొస్తే పడుకునే గది... అనుకున్నాను గానీ..." గదిలో మంచం లేదు, గోడ పొడుగునా అట్టపెట్టెలు, ఒక పెట్టెలోంచి పాతచొక్కా గుడ్డలో చుట్టిన ఆకుపచ్చ ఇంజను తీసి నా అరచేతిలో పెట్టాడు, నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు. ఇంజను బరువుగా, చల్లగా, పిల్లిపిల్లలాగా చేతిలో ఒదిగిపోయింది. నవ్వుతానేమోనని నా మొహంలోకే చూస్తున్నాడు. నేను నవ్వలేదు, "మరి ఇది పరిగెత్తేదెక్కడ" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం ఎలా వెలిగిందో, ఆ వెలుగుకోసం మనిషి ఎన్ని బల్లల కిందయినా కూర్చోవచ్చు అనుకున్నాను. మర్నాడే బల్ల మొదలుపెట్టాడు. బల్ల ఆయన కట్టిందే, కాదనను, నాలుగు కాళ్ళూ సరిగ్గా నిలబడ్డాయి, రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్య ఆగింది, ఆ బుడగ ఆగినందుకు ఇద్దరం చేతులు పట్టుకుని గదిలో గుండ్రంగా తిరిగాం. రోజూ ఆఫీసులనుంచి రాగానే ఇక్కడే. తలస్నానం చేస్తే నీళ్ళలో రంపప్పొట్టు. దిండు మీద రంపప్పొట్టు. అత్తయ్య ఫోన్ చేసి "ఏం చేస్తున్నారమ్మా ఇద్దరూ" అంటే "రైలుకట్ట వేస్తున్నాం అత్తయ్యా" అన్నాను, ఆవిడ "వాడు నీకూ ఆ పిచ్చి ఎక్కించాడన్నమాట" అని నిట్టూర్చింది.

వేస్తున్నాం అన్నాను. నేను ఎక్కడ చెప్పినా 'వేస్తున్నాం' అనే చెప్పాను. ఆఫీసులో చెప్పినా, మా అమ్మకి చెప్పినా.

మొదటి వాలు ఆయన వేశాడు, అది కూడా చెప్పాలిగా. చదునైన చెక్క ఒకటి, ఏటవాలు చెక్క ఇంకొకటి, రెండూ వేరేగా కోసి అంచుకి అంచు ఆనించాడు. ఆ అతుకు దగ్గర దారికి మోకాలు వచ్చింది. పట్టా ముక్కలు తాత్కాలికంగా పరిచి ఆకుపచ్చ ఇంజనుని పంపితే సరిగ్గా అక్కడికి వెళ్ళి ముక్కు వాలుకి గుద్దుకుని, వెనకచక్రాలు గాల్లో గిర్రున తిరుగుతూ, పాపం, అలాగే ఉండిపోయింది. అతుకుని గీకాడు, మైనం పూశాడు, లప్పం పెట్టాడు, ఏం చేసినా మోకాలు మోకాలే. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, నాకు ఆయన అలకలు చూడటం అప్పటికింకా కొత్త, చాలా అందంగా అలుగుతాడు. నేను పనిచేసేది స్కూలు పిల్లల బట్టలు కుట్టే కంపెనీలో, కాగితం మీద నమూనాలు గీసి కత్తిరించడం నా ఉద్యోగం, దానికే చదువుకున్నాను. మర్నాడు ఆఫీసులో ఒక కాలరు నమూనా కత్తిరిస్తుంటే కాగితం రెండుపక్కలా చీలి, మధ్యలో నాలుకలా మిగిలింది. ఆ నాలుకని వేలితో లేపాను. మొదలు దగ్గర కాగితం ఎక్కడా విరగలేదు, దానంతట అదే చిన్నగా వంగి, మెల్లగా లేచింది. అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను. విడగొట్టి అతకడం ఎందుకు, విడగొట్టకపోతే సరిపోలేదూ. ఒకే ప్లైవుడ్ పలకలో దారికి అటూ ఇటూ రెండు చీలికలు కోసి, మొదలు పలకకే వదిలేసి, చివర పట్టుకుని లేపితే చెక్క తనకి తెలిసిన వంపు తను తీసుకుంటుంది. ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను, పక్కసీటావిడ జరిగి కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పాత కేలండరు చింపి ఆయనకి చేసి చూపించాను. ఆయన కాగితం నాలుకని లేపి, దించి, లేపి, దించి, నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. ఇవన్నీ ఇప్పుడు తెరలు అవీ.

పైన స్టీలు స్కేలు చెక్కకి తగిలిన చప్పుడు. గార్డుగారు దాన్ని అంచు మీద నిలబెట్టి, వాలు మొదలయ్యే చోట దారి వెంబడి జరుపుతున్నారు, నాకు పై పలకలోంచి గీరుకుంటున్న చప్పుడు అరచేతుల్లోకి దిగుతోంది. వీళ్ళ పద్ధతి ఇదేనట, పట్టాలు పరిచి కంకర పోసి కొండలూ చెట్లూ పెట్టాక కింద కట్ట ఎలా ఉందో ఇంక ఎవరికీ కనపడదు కాబట్టి అవేమీ పెట్టకముందే వచ్చి చూస్తారు. స్కేలు ఊగితే గూను, కింద వెలుతురు కనపడితే గుంట. అది నచ్చితేనే మిగతాది. నచ్చినవాళ్ళ కట్టని క్లబ్బు హాల్లోకి తీసుకెళ్ళి మిగతా సభ్యులు చేసినవాటితో కలుపుతారు, ఒకరి ఊళ్ళోంచి ఇంకొకరి అడవిలోకి, అక్కడినుంచి మరొకరి వంతెన మీదికి బండి పోతూనే ఉంటుందట. అది చూడాలని నాకెంత ఆశో. చప్పుడు ఆగింది. గార్డుగారి మేజోళ్ళు ముందుకి వంగి, మునివేళ్ళ మీద లేచాయి.

"ఊగడం లేదే. డాక్టరుగారూ, మీరు చూడండి."

"వెలుతురు కూడా లేదండీ."

"వాలు మొదట్లో స్కేలు ఊగకుండా ఉన్న కట్టని నేనింతవరకు చూడలేదు అబ్బాయ్. చెయ్యి తిరిగినవాడివి నువ్వు."

నా గుండె ఎగిరి పై పలకకి తగిలినంత పనైంది. ఊగలేదు, వెలుతురు లేదు, ఇంతవరకు చూడలేదు, ఒక్కొక్క మాటా నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాను, ఒళ్ళంతా పులకరింత, చేతులు నొప్పి అని కూడా తెలియలేదు. తర్వాత 'అబ్బాయ్' గుర్తొచ్చింది. నా పేరుతో వచ్చిన పార్శిలు పక్కింటివాళ్ళు సంతకం పెట్టి తీసుకుని, నా కళ్ళముందే విప్పి, బాగుందే అని వాడుకుంటున్నట్టుంది. పార్శిలు తీసుకున్నాయన ఇకిలిస్తున్నాడు, ఆ నవ్వు నాకు తెలుసు, సిగ్గు మూడొంతులు, సంతోషం ఒక వంతు ఉండే నవ్వు, పెళ్ళి ఫోటోలన్నిటిలోనూ అదే నవ్వు. చెప్పడానికి ఇంకా వేళ మించిపోలేదు, ఇప్పుడైనా అను, ఒక్కమాట, నేను కాదండీ అను. అనలేదు. "ఏదోలెండి, మీ దయ" అన్నాడు. గార్డుగారి దయ ఎక్కడుందో నాకు తెలియదు గానీ, మోకాళ్ళ మీద మోచేతులు గుచ్చుకుని ఆ రెండుచోట్లా నల్లగా కమిలి ఉంటాయి ఈపాటికి.

"అయితే తీసేసుకుందాం. పేరు పట్టీ చేయిస్తాను" అంటున్నారు గార్డుగారు. హాల్లో ఒక్కొక్క కట్ట అంచునా వేసినవాళ్ళ పేరుతో ఇత్తడి పట్టీ బిగిస్తారని మా ఆయన చెప్పాడు. ఆయన చెప్పంది గార్డుగారే ఇప్పుడు చెబుతున్నారు, "నీకు తెలుసుగా మన రూలు. డబ్బులిచ్చి చేయించుకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని పెట్టాం. కట్ట సభ్యుడు సొంత చేతులతో వేసిందే అయ్యుండాలి. ఇంకొకరి చెయ్యి పడితే హాల్లోకి రాదు, ఎంత బాగున్నా రాదు. ఈ ఏడాదికి కొత్త సభ్యుల్ని తీసుకోవడం కూడా అయిపోయింది, సాయం చేసినవాళ్ళని చేర్చుకుందామన్నా కుదరదు, అందుకే మళ్ళీ అడుగుతున్నాను, నీ చేత్తోనే కదా?"

"ఆఁ, నా చేత్తోనే" అన్నాడు.

ఇదన్నమాట. మోమాటం కాదు, సిగ్గూ కాదు. నీకు తెలుసుగా అన్నారు, ఆఁ అన్నాడు, అంటే తెలుసు, మొదటినుంచీ తెలుసు. నేను చాప మీద పాకుతూ గీత గీస్తున్నప్పుడు టార్చి పట్టుకుని నిలబడి తెలుసు. కార్కు పట్టీని మధ్యగీతకి అటొక సగం, ఇటొక సగం మలుపు తిప్పుతూ, మిషను పెట్టెలోంచి తెచ్చుకున్న గుండుసూదులతో గుచ్చుతూ, పాట పాడుకుంటూ "హాల్లో దీని మీద ఎన్ని బళ్ళు పోతాయో కదా" అంటే "బోలెడు" అంటూ కూడా తెలుసు. అప్పుడు కాలివేలు చూడలేదు నేను, గుండుసూదులు చూసుకుంటున్నాను. చెప్పి ఉంటే ఏమయ్యేది. ఏమయ్యేదో నాకూ తెలియదు. కలిసి కూర్చుని ఆలోచించేవాళ్ళం, దెబ్బలాడుకునేవాళ్ళం, సరే నీ పేరే పెట్టుకో పో అని నేనే అనేదాన్నేమో. నేను ఇవ్వాల్సినదాన్ని నన్నడక్కుండా జేబులో వేసుకోవడం ఏమిటి. ఇంటి తాళాలు ఇద్దరికీ ఒక్కొక్కటి, టూత్ బ్రష్షులు ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని, ఆ గ్లాసుని చూసి పొద్దున్నే ఉత్తినే నవ్వుకునేదాన్ని, ఆ గ్లాసులో ఇంత విషయం దాచుకుని పళ్ళు తోముకున్నాడన్నమాట. చేతులు తీసేస్తే. ఇప్పుడే, ఈ క్షణమే తీసేస్తే. ఠప్పున జారుతుంది, కార్కు ముడత పడుతుంది, స్కేలు ఊగుతుంది, గార్డుగారి మేజోళ్ళు ఎగిరి గంతేస్తాయి, చెయ్యి తిరిగిన అబ్బాయి చెయ్యి ఎటు తిరిగిందో అందరూ చూస్తారు. వేళ్ళు వదులు చేసి కూడా చూశాను, వెంట్రుకవాసి. పైన చెక్క నా అరచేతుల మీద బరువు మోపింది, నమ్మకంగా, నిద్రపోతున్న మనిషి తల ఆనించినట్టు. నేను లేపిందే. చెక్క నాకేం ద్రోహం చేసిందని. మళ్ళీ బిగించి పట్టుకున్నాను. ఒకళ్ళ మీద కోపానికి నా పని నేను పాడుచేసుకోను, పాడుచేసుకుంటే అప్పుడు ఆయనకేం పోతుంది, నా మలుపే కదా పోయేది.

"కింద కూడా చూద్దాం" అంటోంది డాక్టరమ్మ. "పైన నిగనిగలాడుతూ లోపల పుచ్చిపోయినవి రోజూ చూస్తుంటాను."

"కిందెందుకండీ, అక్కడ తీగలూ దుమ్మూ..." మా ఆయన గొంతు సన్నబడింది.

ఎర్రగోళ్ళ పాదాలు దగ్గరికొచ్చాయి. తెర కుచ్చుల మధ్యనుంచి పొడవాటి కాడ ఒకటి లోపలికి వచ్చింది, చివర అణా కాసంత గుండ్రటి అద్దం, పళ్ళు చూసే అద్దం. వెనకనుంచి టార్చి వెలుతురు. అద్దం దూలాన్ని చూసింది, క్లాంపుల్ని చూసింది, అతుకు మీదినుంచి నిలువుచెక్క మీదికి పాకింది, అక్కడినుంచి నా వేళ్ళ మీదికి, ఆగింది, మెల్లగా తిరిగింది. ఆ చిన్న గుండ్రంలో ఒక కన్ను కనపడింది, గంధం రంగు ఫ్రేము కళ్ళద్దాలు పెట్టుకున్న కన్ను. ఆ కంటికి నా కన్ను కనపడి ఉంటుంది, ఎర్రగా, రంపప్పొట్టుతో. ఇద్దరం రెప్ప వెయ్యలేదు. ఆవిడ కెవ్వుమంటుందనుకున్నాను, అనలేదు, పంటి లోపల ఇంతకంటే వింతలు చూసి ఉంటుంది. అద్దం నా చేతుల మీదికి ఇంకోసారి వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"కింద ఆధారం గట్టిగానే ఉంది" అంది బయట. తర్వాత, తాపీగా, "ఒకటి చెప్పండి, ఈ చీలిక చివర పెన్సిలు దూరేంత రంధ్రం ఉందే, రెండువైపులా ఉంది, అదెందుకు పెట్టారు?"

ఆ రంధ్రం. ఆ రంధ్రం అంటే నాకు ప్రాణం. చదువుకునేటప్పుడు తోలు సంచీ కుట్టడం నేర్పిన టీచరు చెప్పింది, తోలుకి చీలిక పెడితే దాని చివర గుండ్రంగా ఒక రంధ్రం కొట్టండి, లేకపోతే చీలిక మీరు ఆపిన చోట ఆగదు, లాగినప్పుడల్లా ఇంకాస్త ముందుకి పోతుంది అని. చెక్క కోస్తుంటే అది గుర్తొచ్చింది. ఎక్కడ ఆపాలో అక్కడ ముందు రంధ్రం వేసి, కోత ఆ రంధ్రంలోకి తెచ్చి వదిలాను. వాలు లేపినప్పుడు చెక్క మూలిగింది, మూలిగి, రంధ్రం దగ్గర ఆగింది. ఎంత సంబరపడ్డానో. ఇదంతా ఆయనకి చెప్పాను, ఆయన తీగలకి టంకం పెడుతూ "ఊఁ" అన్నాడు. నేను ఆ 'ఊఁ'ని నమ్మాను.

"అదా అండీ" అంటున్నాడు మా ఆయన. "అది... స్క్రూ కోసం. తర్వాత బిగిద్దామని వదిలాను."

స్క్రూ కోసం. ఇంతసేపూ పేరు తీసుకున్నాడు, భరించాను. మెప్పు తీసుకున్నాడు, పళ్ళు కొరుక్కున్నాను. తీసుకున్నవాడు తీసుకున్నట్టు కనీసం సరిగ్గా చెప్పొద్దా. అక్కడ స్క్రూ ఎవరైనా పెడతారా, చెక్క ఊపిరి పీల్చుకునే చోట పెడతారా స్క్రూ, పెడితే ఆ వంపంతా బిగుసుకుపోదూ. నా రంధ్రం గురించి నా నెత్తి మీద నిలబడి అంత తప్పుమాట చెబుతుంటే ఇంక నావల్ల కాలేదు.

"స్క్రూ కోసం కాదండీ" అన్నాను.

స్టీలు స్కేలు నేల మీద పడి గణగణలాడింది. అది పూర్తిగా ఆగేదాకా ఆగి, తెరలోంచే, ఆఫీసులో కొత్తవాళ్ళకి చెప్పే గొంతుతో చెప్పాను. "చీలిక అక్కడితో ఆగడానికి. సూటిగా కోసి వదిలేస్తే, లేపినప్పుడు చెక్క ఇంకా ముందుకి చీలుతుంది. గుండ్రంగా ఉంటే చీలిక ఎటు పోవాలో తెలియక ఆగిపోతుంది. అక్కడ స్క్రూ పెట్టకూడదు."

"ఎవరది?" అన్నారు గార్డుగారు, మేజోళ్ళు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"సమాధానాలు తెలిసిన మనిషి" అంది డాక్టరమ్మ. "ఇందాకట్నుంచీ కట్టని మోస్తోంది పాపం, ఎవరైనా వెళ్ళి అందుకోండి."

తెర లేచింది. మా ఆయన పాక్కుంటూ వచ్చాడు, చెవులు చివర్లదాకా ఎర్రగా. నా పక్కన ఇరుక్కుని చేతులు నా చేతుల కిందికి పెట్టాడు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. దగ్గరికొస్తే ఎప్పటిలాగే టంకం వాసన, నాకిష్టమైన వాసన, ఇప్పుడు ఇష్టపడే సమయం కాదు.

"ఇటివ్వు" అన్నాడు గుసగుసగా.

"పక్కకి కాదు, పైకి. మెల్లిగా."

"చెబుదామనే అనుకున్నానే..."

"ఎప్పుడు?"

"వాళ్ళు వెళ్ళాక."

"వాళ్ళు వెళ్ళాక నాకు చెబుతావా? నాకు తెలియదనా?"

ఆయన పట్టు బిగిసిందని చేతికి తెలిశాకే నా వేళ్ళు ఒక్కొక్కటీ తీశాను, పాక్కుంటూ బయటికి వచ్చాను. కాళ్ళు తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి, బల్ల అంచు పట్టుకుని లేచాను, జుట్టునిండా పొట్టు, చీర కాదు, ఆయన పాత చొక్కా, మోకాళ్ళ దగ్గర జిగురు మరకలు. గార్డుగారు నన్నూ, తెరనీ, మలుపునీ ఒకదాని తర్వాత ఒకటి చూశారు. చెడ్డాయన కాదు, మొహం చూస్తే తెలుస్తోంది, కొలిచి మాట్లాడే మనిషి మొహం.

"ఇది మీరు వేశారా అమ్మా?"

"నేనే వేశానండీ. బల్ల ఆయన కట్టారు. తీగలు ఆయన కలుపుతారు, నిజంగా బాగా కలుపుతారు. కట్ట నాది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "చిక్కొచ్చిపడిందే. రూలు నేను పెట్టిందే, నేనే తప్పితే బాగుండదు. అబ్బాయి పేరు పెడితే హాల్లోకి వస్తుంది, మీ పేరు అంటే ఈసారికి ఇక్కడే. నేను ఇప్పుడు విన్నది విననట్టు ఊరుకోమంటే ఊరుకుంటాను, ఇంత మంచి కట్టని వదులుకోవడం నాకూ కష్టమే. మీరే చెప్పండమ్మా, ఏం చెయ్యమంటారు?"

మీరే చెప్పండమ్మా. ఎంత బాగుంది ఆ మాట. నిలబడి మలుపు వంక చూశాను, పైనుంచి చూడటం ఇవాళ ఇదే మొదటిసారి, కిటికీ ఎండ కార్కు మీద పడి గోధుమరంగులో మెరుస్తోంది, చదును ఎక్కడ అయిపోయి వాలు ఎక్కడ మొదలైందో నాకే తెలియడం లేదు. హాలు కళ్ళముందు కదిలింది, ఎవరిదో పెద్ద పొడవాటి బండి, ఎవరెవరో చేసిన ఊళ్ళన్నీ దాటుకుని వచ్చి, ఇక్కడికి రాగానే ముక్కు గుద్దుకోకుండా, చక్రాలు జారకుండా, చీమంత చప్పుడు కూడా మారకుండా పైకి ఎక్కి వెళ్ళిపోవడం. అది జరగాలి, అది చూడాలి. అంచున ఆయన పేరు. చూసినవాళ్ళు ఎవరిది అని వంగి చదువుతారు. ప్రతిసారీ నేను పక్కనే నిలబడి ఉంటాను, ఇక్కడే ఎక్కడో. నోరు తెరిచాను.

"ఇక్కడే ఉంచండి" అంది తెర.

మా ఆయన గొంతు, నలిగి, బల్ల కిందనుంచి. "హాలుకి వద్దండీ. కట్ట ఆమెది, రంధ్రం ఎందుకో కూడా నాకు గుర్తులేదు. నా పేరు పెట్టొద్దు." ఈ బొమ్మ రైళ్ళు పెట్టెల్లో పెట్టుకుని ఏళ్ళతరబడి ఆ హాలుకోసం కలలు కన్న మనిషి, ఎంత కష్టమై ఉంటుందో ఆ మాట అనడానికి, తెరలోకి దూరి ఆ ఎర్రటి చెవుల్ని రెండు చేతులతో పట్టుకోవాలనిపించింది. అంతలోనే ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. ఇదెక్కడి మనిషి. తీసుకునేటప్పుడు అడగలేదు సరే, వదిలేసేటప్పుడు కూడా అడగడా. నా కట్టని నాకిచ్చేస్తూ, దాన్నేం చెయ్యాలో కూడా తనే తేల్చేస్తాడా.

"ఆయన అడిగింది నన్ను" అన్నాను తెరవైపు తిరిగి.

"అవును" అంది తెర, చిన్నగా.

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. నేను చొక్కా దులుపుకుని, గార్డుగారి ఎదురుగా తిన్నగా నిలబడ్డాను.

"ఇక్కడే ఉంచుతానండీ" అన్నాను. "పట్టాలు పరిచాక నేనే కబురు పెడతాను, మీరిద్దరూ తప్పకుండా రావాలి. వెళ్ళేముందు ఆ స్కేలు ఇంకొక్కసారి పెట్టి చూస్తారా? ఇందాక మీరేమన్నారో నేను కిందనుంచి విన్నాను. ఈసారి నా మొహం చూసి అనండి."